మందు కొట్టని బియ్యం కోసం డెల్టాకి వెళ్లొచ్చాను

మదనపల్లెలో మా వీధి ఆడవాళ్లం కొందరం కలిసి కొన్నేళ్లుగా పురుగుమందు కొట్టని బియ్యం తెప్పించుకుంటున్నాం. కిందటి వేసవిలో, ఆ బియ్యం పంపే వ్యాపారి బండి మీద వచ్చిన డ్రైవరు మా అరుగు మీద బస్తాలు దించుతూ నవ్వుతూ ఒక మాట అనేశాడు. "ఏం మందు లేని బియ్యమో అక్కా! మిల్లులో అన్నీ ఒక్కటే. కుట్టే సంచే వేరు."

ఆ సాయంత్రమే మా ఇంట్లో పంచాయితీ జరిగింది. చాలామంది ఇక మానేద్దామన్నారు. "ఎక్కువ పెట్టి కొని మోసపోవడం ఎందుకు? అంగట్లో దొరికేదే తిందాం" అన్నారు. నేను బట్టలు కుట్టి బతికే మనిషిని. నాకు వ్యవసాయం తెలియదు, వ్యాపారం అంతకన్నా తెలియదు. అయినా మొండికేశాను. "పండించే మనిషిని నేనే వెళ్లి చూసొస్తాను. ఆ మనిషి పొలం నుంచి మన వీధి దాకా బియ్యం కలవకుండా వస్తుందో రాదో తేల్చుకుంటాను. రాదని తేలితే అప్పుడు మానేద్దాం" అన్నాను.

మా ఎదురింట్లో అద్దెకుండే నర్సు సునీతది రేపల్లె దగ్గర పల్లెటూరు. వాళ్ల ఊళ్లో కోటేశ్వరమ్మ అనే కౌలు రైతు మందు కొట్టకుండా వరి పండిస్తోందని చెప్పి ఫోన్ నంబరు ఇచ్చింది. కోతలయ్యాక రమ్మంది కోటేశ్వరమ్మ. అలా డిసెంబరులో బయలుదేరాను. కృష్ణా డెల్టా వైపు వెళ్లడం నాకదే మొదలు. మా వీధిలో చాలామంది ఇప్పటికీ అటు వెళ్లలేదు. తిరిగొచ్చాక వాళ్లకి చెప్పిన సంగతులే ఇక్కడా చెబుతున్నాను.

తెనాలి

రైలు దిగేసరికి మంచు ఇంకా విడలేదు. ఊరి మధ్యలోంచి కాలువలు పోతున్నాయి. మా వైపు నీళ్లంటే బోరుబావి, అది ఎప్పుడు ఎండిపోతుందోనన్న బెంగ. ఇక్కడ వంతెన మీద టీ తాగుతున్నవాళ్లెవరూ కింద పారే నీళ్లకేసి చూడనైనా చూడలేదు. నేనే పిట్టగోడ పట్టుకుని చూస్తూ నిలబడిపోయాను, వెనక నుంచి బస్సు డ్రైవరు హారన్ కొట్టి కేకలేసేదాకా.

స్టేషన్ రోడ్డులో టిఫిన్‌కి కూర్చున్నాను. ఇడ్లీ మీద కారప్పొడి చల్లి, దాని మీద నెయ్యి పోసి తెచ్చారు. పక్కన అల్లం పచ్చడి. ప్లేటు నలభై రూపాయలు. మా ఊళ్లో చెనక్కాయలు నూరిన ఊరిబిండి లేకుండా టిఫిన్ దిగదు గానీ ఈ కారప్పొడికి మాత్రం నేను లొంగిపోయాను. వడ్డించే పెద్దాయనని మాటల్లో పెట్టి, మధ్యాహ్నం భోజనానికి ముడిబియ్యం అన్నం ఏమైనా వండుతారా అని అడిగాను.

"అమ్మో, లేదండి" అన్నాడాయన. "అన్నం మల్లెపూవులా లేకపోతే ఆకు ముందు కూర్చున్నాయన లేచిపోతాడండి. ఓసారి మిల్లులో కొంచెం పాలిష్ తగ్గితే పాత బియ్యం కాదేంటని గొడవపెట్టారు."

కోటేశ్వరమ్మ హోటలు దగ్గరికే వచ్చింది. నలభై దాటిన మనిషి. గబగబా మాట్లాడుతుంది, మాట మధ్యలో చేతిసంచి ఒక భుజం నుంచి ఇంకో భుజానికి మార్చుకుంటూ ఉంటుంది.

"టిఫిన్ చేశారా అక్కా? చేశారుగా, పదండి. మా పొలం గలాయన ఈ ఊళ్లోనే ఉంటారు. ఇయ్యాలే రమ్మని కబురెట్టారు. మీరూ రండి. కొనేవాళ్లు ఉన్నారని కళ్లతో చూస్తే నమ్ముతారు."

"ఏమి నమ్మాల?" అన్నాను.

"పొలం నాకు ఉంచాలా వద్దా అని" అంది.

పొలం యజమాని రామ్మోహనరావు గారికి కింద మోటార్ల, మిషన్ల సామాను కొట్టు ఉంది. పైన ఇల్లు. తాతల నాటి నుంచీ భూములున్న కుటుంబం. ఆయన మమ్మల్ని పైకి రమ్మని, ఇద్దరికీ కుర్చీలు వేయించి, కాఫీ ఇప్పించారు. ఆ మర్యాద చూసి, మాట కూడా మెత్తగానే వస్తుందనుకున్నాను.

"చూడమ్మా కోటేశ్వరమ్మా" అన్నారు. "నీ మీద నాకేం కోపం లేదు. కానీ పక్క పొలం సాంబయ్య రెండుసార్లు వచ్చి గొడవ చేశాడు. నువ్వు మందు కొట్టకపోతే నీ వరికి పట్టిన దోమ వాళ్ల చేలోకి వస్తోందంట. పైగా రొయ్యల చెరువు వేస్తానని ఒకాయన అడుగుతున్నాడు. నువ్విచ్చే కౌలుకి రెట్టింపు ఇస్తానంటున్నాడు. నేనేం చెప్పను?"

"కొనేవాళ్లొచ్చారు బాబాయిగారూ. మదనపల్లె నుంచి."

ఆయన నావైపు తిరిగారు. "సంతోషమమ్మా. కానీ ఈమె ధాన్యం వేరుగా ఆడించే మిల్లు ఎక్కడుంది? అందరి ధాన్యంలో కలిశాక దానికి పేరేంటి, ఊరేంటి? నేను రైతు బిడ్డనే. ఈ సేంద్రియం మాటలు చాలా విన్నాను. ఇంతవరకూ బియ్యం చూపించిన వాళ్లు లేరు."

బియ్యం బండి డ్రైవరు అన్న మాటే మర్యాదగా అన్నారాయన.

"చూపిస్తామండి" అన్నాను. ఎలాగో నాకు తెలియదు. నోటి నుంచి వచ్చేసింది.

ఆయన నవ్వలేదు. "వారం చివర్లో మావాళ్ల ఇంట్లో గృహప్రవేశానికి రేపల్లె వస్తున్నాను. పొలం దగ్గరికి వస్తాను. ఈ ధాన్యమే వేరుగా ఆడించి బియ్యం చూపించండి. అప్పుడు మాట్లాడుకుందాం. లేకపోతే చెరువు ఆయనకి మాటిచ్చేస్తాను."

మెట్లు దిగాక కోటేశ్వరమ్మ సంచి భుజం మార్చుకోవడం కూడా మర్చిపోయింది. నేను ఆమెని బెల్లం జిలేబీ కొట్టు దగ్గరికి తీసుకెళ్లాను. వేడివేడిగా, పాకం కారుతూ ఉంది. మా వైపు జిలేబీ పంచదారదే. సగం తిన్నాక ఆమెకి మాట వచ్చింది. "అంత ధైర్యంగా ఎట్టా చెప్పారక్కా?"

"తెలీక చెప్పినాను" అన్నాను. అది నిజం.

అప్పటికప్పుడే ఆటో కట్టించుకుని నందివెలుగు దారిలో ఒక పెద్ద మిల్లుకి వెళ్లాం. లారీల వరుస, ఆకాశానికి ఊక దుమ్ము. గుమస్తా మా మాట ఓపికగా విన్నాడు.

"మీ కొద్ది బస్తాల కోసం మిషన్ ఆపి, కడిగి, మళ్లీ నడపలేమండి. ఆపకుండా పోస్తే ముందున్న వాళ్ల బియ్యం మీ దాంట్లోకొస్తాయి, మీవి వెనకాళ్ల దాంట్లోకి పోతాయి. వేరుగా ఆడించామని అబద్ధం చెప్పి మీ దగ్గర డబ్బులు తీసుకోవచ్చు. నాకు ఇష్టం లేదు" అన్నాడు.

అతని మీద నాకు కోపం రాలేదు. నిజం చెప్పి పంపించినవాడు ఆ దారిలో అతనే మొదటివాడు.

బాపట్ల

ధాన్యం ఆరబెట్టుకోవాలని కోటేశ్వరమ్మ ఊరికి వెళ్లిపోయింది. మర్నాడు నేనొక్కదాన్నే ప్యాసింజరు రైల్లో బాపట్ల వెళ్లాను. ఆ వైపు పల్లెల్లో చిన్న మిల్లులు ఇంకా ఉన్నాయని ఆమె భర్త వీరయ్య ఫోన్‌లో చెప్పాడు. అతను ట్రాలీ ఆటో నడుపుతాడు, దారులన్నీ తెలుసు.

మా ఊళ్లో బియ్యం సంచుల మీద బీపీటీ అని చూస్తూనే ఉంటాం. ఆ అక్షరాలు బాపట్లవేనని స్టేషన్ బయట ఆటో ఆయన చెబితేగానీ నాకు తెలియలేదు. "మీరు రోజూ మా ఊరి పేరే తింటన్నారండి" అని నవ్వాడు. ఇంతకాలం ఒక ఊరి పేరు నములుతూ, ఆ ఊరు ఎక్కడుందో అడగనందుకు నాకు కొంచెం నవ్వు, కొంచెం సిగ్గు.

మొదట చూపించిన మిల్లు కల్యాణ మండపం అయిపోయింది. రెండోదానికి తాళం. మూడోది సూర్యలంక వెళ్లే దారికి పక్కన ఒక పల్లెలో ఉంది. దాని యజమాని ప్రసాద్ ముఖానికి తువ్వాలు కట్టుకుని మిరపకాయలు ఆడిస్తున్నాడు. లోపల అడుగుపెట్టగానే నాకు తుమ్ములు మొదలయ్యాయి. కారణం చెప్పుకోవడానికి నోరు తెరిస్తే చాలు, మళ్లీ తుమ్ము. చివరికి అతనే నన్ను బయట చెట్టు కింద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాడు.

"ధాన్యం ఆడించి చాన్నాళ్లయిందండి" అన్నాడు. "జనం ధాన్యం అమ్మేసి బియ్యం కొనుక్కుంటన్నారు. పండించినోళ్లు కూడా. ఇంకెవరొస్తారు నా దగ్గరకి? కారం, పసుపు, పిండి. వాటితోనే నడుస్తంది."

"మిషన్ ఉందా?"

"ఉంది. పొట్టు తీసే రబ్బరు రోలర్లు అరిగిపోయినాయి. అవి మారిస్తే నడుపుతా. బాపట్లలో దొరకవు. అడిగేవాళ్లు లేక కొట్లవాళ్లు తెప్పించడం మానేశారు."

నిజమో కాదో చూద్దామని బాపట్లలో కొట్టుకొట్టుకీ తిరిగాను. దొరకలేదు. ఒక కొట్టాయన, ఇవి తెనాలిలో ఫలానా చోట అడగండంటూ చెప్పిన గుర్తులు వింటే, అది రామ్మోహనరావు గారి కొట్టే! బస్టాండులో బెంచీ మీద కూర్చుని కాసేపు ఆలోచించాను. పొలం లాక్కుంటానన్న మనిషినే సాయం అడగడం ఎట్లా? కోటేశ్వరమ్మకి ఫోన్ చేస్తే, "వద్దక్కా, చులకనైపోతాం" అంది. కానీ ఆయన బియ్యం చూపించమన్నారు, సామాను ఆయన దగ్గరుంది. కొనుక్కోవడంలో చులకనేముంది? కొట్టాయన ఇచ్చిన నంబరుకి ఫోన్ చేశాను.

ఆయన గట్టిగా నవ్వారు. "నా మీద గెలవడానికి నా కొట్లోనే సామానా అమ్మా! సరే, ఉన్నాయి. బాపట్ల బస్సులో వేయిస్తాను. సాయంత్రం తీసుకోండి." ధర మాత్రం ఒక్క రూపాయి తగ్గించలేదు.

సాయంత్రం నేనా రోలర్ల పొట్లం పట్టుకుని మిల్లుకి వెళ్తే ప్రసాద్ తువ్వాలు విప్పి నన్ను మొదటిసారి సరిగ్గా చూశాడు. "మీరు మళ్లీ వస్తారనుకోలేదండి. ఎల్లుండి తెచ్చుకోండి ధాన్యం. బాగా ఎండాలి సుమా. పచ్చిగా ఉంటే నూకైపోద్ది."

రేపల్లె దారి

పొద్దున్నే చెరుకుపల్లి మీదుగా రేపల్లె బస్సు. కిటికీ పక్కన కొంత దూరం కోసిన వరిచేలు, ఆ తర్వాత రొయ్యల చెరువులు. ఒకటి కాదు, కనుచూపు మేర చదరాలుగా కోసిపెట్టినట్టు. వాటి మధ్య నీళ్లు చిలికే చక్రాలు తిరుగుతున్నాయి. అక్కడక్కడ గడ్డి కూడా మొలవని తెల్లటి గట్లు.

నా పక్కన ఒకావిడ కూర్చుంది. రొయ్యల తలలు తీసే షెడ్డుకి పనికి పోతోందట. వేళ్ల కొసలు నాని, చర్మం ఊడి ఉన్నాయి. కిటికీలోంచి చూస్తూ నేను, "ఇదంతా ఒకప్పుడు వరి పొలమేనా వదినా?" అన్నాను.

"వరేనమ్మా. మేం కోసిన చేలే" అంది.

"పాడైపోయిందే."

ఆవిడ నావైపు కొంచెం కోపంగానే చూసింది. "కోత మిషన్లొచ్చినాక మమ్మల్ని కోతలకి ఎవరు పిలిచారు? నాట్లకీ అంతంత మాత్రమే. ఈ రొయ్యలే మాకు కూడెడతన్నాయి. పొలం ఉన్నోళ్లు, తినేవోళ్లు ఎన్నయినా చెబుతారు."

దిగేముందు ఆవిడే చీర కొంగులోంచి ఉడకబెట్టిన చిలగడదుంప ఒకటి తీసి నాకిచ్చింది. అది తింటూ మిగతా దారంతా ఆ చెరువులకేసే చూశాను.

కోటేశ్వరమ్మ పొలం

వాళ్ల ఊరు రేపల్లె దాటి కొద్ది దూరం. ఊరి రోడ్డుకి ఒక పక్కంతా ధాన్యం పరిచి ఉంది, పసుపు చీర ఆరేసినట్టు. మోటారు సైకిళ్లు దాన్ని తప్పుకుని పోతున్నాయి. కోటేశ్వరమ్మ కాళ్లతో ధాన్యం తిరగేస్తూ నడుస్తోంది. నన్ను చూసి ఒక గింజ నోట్లో వేసుకుని కొరికింది. "ఇంకో ఎండ చాలక్కా. టక్కుమంటోంది."

పొలం చూపించింది. గట్ల మీద కంది వేసింది, పురుగుల్ని తినే పిట్టలు వాలడానికి. పై పొలం నుంచి నీళ్లు దిగే చోట మట్టికట్ట వేసి, దాని ముందు చిన్న గుంట తవ్వింది. పైవాళ్లు కొట్టిన మందు నీళ్లు తేటపడకుండా లోపలికి రాకూడదని. "అయినా వచ్చేది వస్తానే ఉంటదక్కా. నీళ్లకి గట్లు తెలియవు గదా" అంది.

మధ్యాహ్నం వేడన్నంలో గోంగూర, ఉల్లిపాయ. ఆ కారానికి నా చెవుల్లోంచి పొగ వచ్చింది. మేం మదనపల్లెలో కారం తినేవాళ్లమనే అనుకునేదాన్ని, ఇక ఆ మాట అననని ఒట్టేసుకున్నాను. నేను మంచినీళ్లు తాగుతుంటే ఆమె కంచంలో చెయ్యి ఆపి అంది.

"అక్కా, ఒక సంగతి. కాలవ పక్కన మూల ముక్కలో ఈ ఏడు మందు కొట్టాను. సుడిదోమ వచ్చింది. రాత్రికి రాత్రి చేను కూలిపోతంటే చూడలేకపోయాను. ఆ ధాన్యం కలపలేదు. అదుగో, ఆ గోడ వార విడిగా ఉన్న బస్తాలు. అవి మీకు ఇవ్వను."

నేను చెంబు కింద పెట్టాను. "నేను అడగలేదు కదా. ఎందుకు చెప్పినావు?"

"అడుగుతారనే చూశా. అడగలేదు. అడక్కపోతే చెప్పకుండా ఉండలేనుగా" అంది, మళ్లీ అన్నం కలుపుకుంటూ.

మా వీధిలో అందరం ఏళ్లుగా వెతుకుతున్నది మందు లేని బియ్యమా, ఇలా చెప్పే మనిషా అని నాకా క్షణంలో అనిపించింది. అయితే మాకొచ్చే బియ్యం అనుకున్నదానికన్నా తగ్గుతుందని కూడా అర్థమైంది.

చేతులు కడుక్కునేలోగా తూర్పు నుంచి మబ్బు లేచింది. సముద్రం దగ్గర కాబోలు, మా వైపులా ఒక పూట ముందు చెప్పి రాదు అక్కడి వాన. గాలి వీచింది, చినుకు పడింది, అంతే. కోటేశ్వరమ్మ, వీరయ్య, నేను రోడ్డు మీదికి పరుగెత్తాం. పారలతో కొంత, చేతులతో కొంత కుప్పగా నెట్టాం. కప్పడానికి ఉన్న బరకం ఒక్కటే. అది సగం కుప్పకి కూడా సరిపోలేదు. నేను కాలు జారి ధాన్యంలోనే కూర్చుండిపోయాను. చీర కొంగు కూడా పరిచాను, అదేదో ఆగుతుందన్నట్టు.

అప్పుడు ఒక పెద్దాయన పెద్ద నల్ల బరకం నెత్తిమీద పెట్టుకుని పరుగున వచ్చాడు. "ఆ కొస పట్టుకోమ్మా! చూస్తావేంటి!" అని నామీద అరిచాడు. ఇద్దరం కలిసి కప్పాం. అంచుల మీద రాళ్లు పెట్టాం. వాన ఎంత తొందరగా వచ్చిందో అంత తొందరగా వెళ్లిపోయింది. కుప్ప కింది అంచు మాత్రం తడిసింది.

ఆయనే సాంబయ్య. రామ్మోహనరావు గారి దగ్గర ఫిర్యాదు చేసిన మనిషి.

"ధాన్యం తడుస్తంటే చూస్తా ఎవరు కూర్చుంటారు" అన్నాడు నేను దండం పెడితే. వెంటనే గొంతు మార్చాడు. "అట్టాగని కోపం పోయిందనుకోవద్దు. ఈమె మందు కొట్టకపోతే దోమంతా నా మీద పడుద్ది. నేను రెండు రెట్లు కొట్టుకోవాలా. నా ఖర్చు ఎవరిస్తారమ్మా, మీరిస్తారా?"

"ఇవ్వలేనన్నా" అన్నాను. "కానీ నువ్వు ఇంత మందు కొట్టినా దోమ వస్తానే ఉంది కదా?"

"వస్తంది" అన్నాడు. కాసేపు తడి బరకం దులిపాడు. "ఏటేటా ఎక్కువే వస్తంది."

మళ్లీ బాపట్ల

మర్నాడు ఎండ బాగా కాసింది. ప్రసాద్‌కి ఒక రోజు ఆగమని ఫోన్ చేసి, తడిసిన అంచు ధాన్యం పక్కకి తీసేసి, మిగతాది ఆరబోసి ఎత్తాం. ఆ మర్నాడు వీరయ్య ట్రాలీలో బస్తాలు, బస్తాల మీద కోటేశ్వరమ్మ, నేను. దారిపొడవునా ఆమె ఒక చెయ్యి బస్తా మీదే ఉంది.

ప్రసాద్ మిల్లు ఊడ్చి, తుడిచి ఉంచాడు. మిరప ఘాటు పోవాలని ముందు ఊక పోసి తిప్పాడు. తర్వాత ధాన్యం పోశాడు. మొదటి దోసిలి బియ్యం బయటికి రాగానే ముగ్గురం వంగి చూశాం. లేత గోధుమ రంగు. నూక ఎక్కువే ఉంది. తెనాలి హోటలాయన చూస్తే మూర్ఛపోతాడు.

"పాలిష్ ఇంకొంచెం పట్టమంటారా?" అన్నాడు ప్రసాద్.

కోటేశ్వరమ్మ నావైపు చూసింది. తినేది మేము, చెప్పాల్సింది నేనే. తెల్లగా చేస్తే రామ్మోహనరావు గారికి నచ్చుతుంది. కానీ ఆ తవుడంతా పోయాక ఇంత తిరిగిందెందుకు? "వద్దు. ఇట్లనే ఉండనీ" అన్నాను.

ప్రసాద్ ఒక గింజ వేళ్ల మధ్య నలిపి చూసి, "ఇట్టాంటివి వస్తే నెలకోరోజు ధాన్యానికే పెడతానండి. మీరొక్కరే అయితే కరెంటు బిల్లుకి కూడా రాదు. ఇంకొందరిని చూడండి" అన్నాడు. చూస్తానన్నాను.

పందిరి కింద భోజనం

చెప్పిన రోజున రామ్మోహనరావు గారు పొలం పక్క పందిరి దగ్గరికి వచ్చారు. కొత్త బియ్యంతో అన్నం నేనే వండుతానన్నాను. అక్కడే తప్పు జరిగింది. కొత్త బియ్యానికి ఎసరు తక్కువ పెట్టాలని నాకు తోచలేదు. మా ఇంట్లో ఎప్పుడూ పాత బియ్యమే. మూత తీసేసరికి గిన్నెలో అన్నం లేదు, ముద్ద ఉంది.

"అంత ఎసరు పెట్టారేంటక్కా!" అని కోటేశ్వరమ్మ నెత్తి కొట్టుకుంది. మళ్లీ వండే సమయం లేదు. అదే వడ్డించాం.

ఆయన ఆకు వైపు చూసి, "ఇదేంటమ్మా, మీ ఊరి సంగటా?" అన్నారు.

"మా ఊరి చెయ్యి పడిందండి" అన్నాను. అందరూ నవ్వారు గానీ నేను మాత్రం ఇన్నాళ్ల తిరుగుడు ఒక చెంబెడు నీళ్లలో పోయిందనుకున్నాను.

ఆయన పప్పు కలుపుకుని మెల్లగా తిన్నారు. తిన్నాక, "రుచి బాగుంది. మాట నిలబెట్టుకున్నారు, కాదనను. కానీ రంగు ఇలా, నూక ఇలా, పంట సాంబయ్యకన్నా తక్కువ. చెరువాయన రెట్టింపు అంటున్నాడు. మీరే చెప్పండి, నా స్థానంలో ఉంటే ఏం చేస్తారు?" అన్నారు.

నేను నోరు తెరిచేలోగా పందిరి గుంజ దగ్గర నుంచి సాంబయ్య గొంతు వినిపించింది. ఆయన ఎప్పుడొచ్చాడో ఎవరూ చూడలేదు.

"చెరువేంటి బాబూ? ఎక్కడ చెరువు?"

రామ్మోహనరావు గారు చెప్పారు. సాంబయ్య ముఖం మాడిపోయింది. "ఈ పొలంలోనా? నా గట్టు పక్కనా?"

"నువ్వేగా సాంబయ్యా, ఈమెని మాన్పించమని తెనాలి వచ్చావు?"

"మందు కొట్టించమన్నాను. చెరువు తవ్వమన్నానా?" సాంబయ్య ముందుకొచ్చాడు. "ఈమె చేలో దోమ నా మీదకొస్తే మందు కొట్టుకుంటా. మీ చెరువులో ఉప్పు నా చేలోకి ఊరితే ఏం కొట్టుకోను? పక్క ఊళ్లో చూడండి, ఒక్క చెరువు వేశారు, చుట్టూ అందరూ వేసుకోవాల్సి వచ్చింది. వరి పండక. మంచినీళ్ల బావి కూడా పోయింది. నాకు చెరువేసే డబ్బు లేదు బాబూ. నేనెక్కడికి పోను?"

రామ్మోహనరావు గారు చెయ్యి కడుక్కుని, ఒక్కరే పొలం గట్టు మీదికి నడిచారు. కంది మొక్కల మధ్య చాలాసేపు నిలబడ్డారు. తిరిగొచ్చి కోటేశ్వరమ్మతో అన్నారు.

"ఈ ఒక్క ఏడూ చెయ్యమ్మా. వచ్చే ఏటి సంగతి మళ్లీ చూద్దాం."

ఆయన కారు వెళ్లాక కోటేశ్వరమ్మ ఏడ్చింది. సంతోషమో ఏమో నాకు తెలియలేదు. "ఒక్క ఏడంట అక్కా. నేల తేరుకోడానికి మూణ్ణాలుగేళ్లు పట్టుద్ది. ఏటేటా ఇట్టా దేవులాడుకోవాలా?"

"దేవులాడుదాం" అన్నాను. "ఏటేటా వస్తాను."

సాంబయ్య ఆకు వేసుకుని తానే కూర్చున్నాడు. "ఆ ముద్ద ఇంకా ఉందా?" అన్నాడు.

మదనపల్లె

పార్సిల్ లారీలో బస్తాలు వచ్చాయి. మా వీధివాళ్లందరినీ పిలిచి, మొదటి బస్తా వాళ్ల ముందే విప్పాను. ఏదీ దాచలేదు. రంగు తక్కువ, నూక ఎక్కువ, ఎసరు చూసి పెట్టకపోతే ముద్దవుతుంది, అంగట్లో కన్నా ధర ఎక్కువ, మూల ముక్కలో మందు కొట్టింది కాబట్టి అనుకున్నంత రాలేదు, వచ్చే ఏడు పొలం ఉంటుందో లేదో తెలియదు. అన్నీ చెప్పాను.

కొందరు లేచి వెళ్లిపోయారు. ఒకామె రెండు రోజులు వండి, పిల్లలు తినలేదని తెచ్చి తిరిగిచ్చేసింది. నేను తీసుకున్నాను. ఇంకొకామె ఈ బియ్యం పొంగలికి భలే కుదిరిందని గిన్నెతో తెచ్చి వీధంతా పంచింది. మిగిలినవాళ్లం అనుకున్నదానికన్నా తక్కువ మందిమి. కానీ ఈసారి ఎవరి బియ్యం తింటున్నామో తెలిసి తింటున్నాం.

మొన్న మిషన్ ముందు కూర్చుని జాకెట్టు కుడుతుంటే ఫోన్ మోగింది. తెలియని నంబరు. ఎత్తితే సాంబయ్య.

"అమ్మా, కోటేశ్వరమ్మ దగ్గర నంబరు తీసుకున్నా. వరి కోసిన చేలో మినుము మొలిచింది. గట్టు వార ముక్కకి ఈసారి మందు కొట్టకుండా చూద్దామనుకుంటన్నా. మా ఆవిడ తిడతంది. పురుగు తినగా మిగిలినవి ఎవరు కొంటారని. మీవాళ్లు మినుములు తీసుకుంటారా?"

వీధిలో ఎవరినీ అడగలేదు. ఎవరెవరు వద్దంటారో కూడా నాకు తెలుసు.

"తీసుకుంటాం అన్నా" అన్నాను.

ఫోన్ పెట్టేసి, జాకెట్టు మిషన్ మీదే వదిలి, చెప్పులేసుకుని బయటికి వచ్చాను. బియ్యం తిరిగిచ్చేసిన ఆమె తలుపే ముందు కొట్టాను.